ఉన్ని లేని దొర

బ్రిటన్ రాజు ఛార్లెస్ యువరాజుగా ఉండగానే, 2010లో, ఉన్ని వాడండని ఓ ఉద్యమమే మొదలెట్టారు. అక్కడ ఉన్నికి మ్యూజియాలు, వాటికి రాజుల రాకపోకలు. మన నెల్లూరు జిల్లా ఉదయగిరికీ రాజొచ్చాడండోయ్! 1514లో కోట పట్టి, బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్లాడు కృష్ణదేవరాయలు. ఆ తర్వాతి దొరలు ఐదేళ్లకోసారి దండం పెట్టి, ఓటు పట్టుకెళుతున్నారు.

ఉదయగిరిలోనో ఆత్మకూరులోనో ఉన్ని మ్యూజియం పెడతామని మాత్రం అనకండి సార్. నెల్లూరు గొర్రెకు ఉన్నే ఉండదు, ఒంటినిండా పొట్టి వెంట్రుకలే. పల్ల, జోడిపి, దొర అని మూడు రకాలు, ఎర్రటిది దొర. ఆ దొర మాంసమన్నా ఇస్తుంది. కత్తిరించడానికి మీకిక్కడ రిబ్బను తప్ప ఏమీ దొరకదు. వచ్చేటప్పుడు మందకో నీళ్ల తొట్టి తెండి, చాలు.