ఖాళీ తూకం

నన్ను కాటా అంటారు. బోర్డు మీద ఎలక్ట్రానిక్ వేబ్రిడ్జి అని రాయించారు గానీ ఆ పేరుతో నన్ను పిలిచినవాడు లేడు. గుడివాడ రోడ్డు వచ్చి హైవేలో కలిసే హనుమాన్ జంక్షన్‌లో, ఆ హైవేని ఇంకా ఐదో నంబరు రోడ్డు అనే రోజుల్లో నన్ను గోతిలో దింపి, పైన ఇనప పలక పరిచారు. ఇప్పుడది పదహారో నంబరు. రోడ్డు పేరు మారింది, దుమ్ము మారలేదు.

పగలు ధాన్యం, కంకర, వేసవిలో నూజివీడు మామిడి. రాత్రయితే చేపలు. ముదినేపల్లి, కైకలూరు వైపు నుంచి ప్లాస్టిక్ ట్రేల్లో ఐసు మధ్య బొచ్చెలు, శీలావతులు, ఫంగస్‌లు పేర్చుకుని లారీలు వస్తాయి. నా మీద నిలబడ్డంతసేపూ కారుతూనే ఉంటాయి. ఐసు కరిగి కారినకొద్దీ తూకం తగ్గుతుంది కాబట్టి డ్రైవరు నిమిషం కూడా ఆగనివ్వడు. చేపలు చాలావరకు హౌరాకే. కొల్లేరు చేప రుచి గురించి మనవాళ్ళకన్నా బెంగాలీలకే ఎక్కువ తెలుసు.

నా పని చిన్నది. ఖాళీ బండిని ఒకసారి తూచాలి, లోడు బండిని ఒకసారి తూచాలి, రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తే నికరం. మొదటి తూకం లేకపోతే రెండో తూకం ఎంత ఘనంగా ఉన్నా దాంట్లో బండి ఎంతో, సరుకు ఎంతో చెప్పలేం. ఈ ముక్క ప్రతి క్లీనరు కుర్రాడికీ తెలుసు. పెద్దపెద్ద సభల్లో మాత్రం మర్చిపోతారని మా గుమాస్తా కూతురు అంటుంది. పిల్ల జువాలజీ చదివింది. రాత్రిళ్ళు తండ్రికి బదులు కంప్యూటరు ముందు కూర్చుంటుంది. లారీ లేనప్పుడు పుస్తకం చదువుతూ తండ్రికి వినిపిస్తుంది. ఆ కిటికీలోంచి విన్నదే నా చదువంతా.

2012 అక్టోబరులో హైదరాబాదులో జీవవైవిధ్య సదస్సు జరిగింది. దేశదేశాలవాళ్ళూ వచ్చారు. అంతకు రెండేళ్ళ ముందు జపాన్‌లో వాళ్ళే ఒప్పుకున్న లెక్క ఒకటుంది: 2020 కల్లా ప్రపంచ సముద్రాల్లో 10 శాతం రక్షిత ప్రాంతం కావాలని. ఆ వాక్యంలో శాతం ఒక్కటే లేదు. రక్షణ సరిగ్గా నడవాలి, అక్కడి మనుషులకు అన్యాయం జరగకూడదు, రకరకాల ఆవాసాలన్నిటికీ చోటుండాలి, ఒక ప్రాంతానికీ ఇంకో ప్రాంతానికీ సంబంధం ఉండాలి అని కూడా ఉంది. అందరికీ గుర్తున్నది మాత్రం 10. 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో దాన్ని 30 చేశారు, గడువు 2030. 2024 నాటికి కాగితం మీద 8 శాతం చిల్లర తేలింది. వేట నిజంగా గట్టిగా ఆగిన నీళ్ళు మొత్తం సముద్రంలో దాదాపు 3 శాతమే. నా భాషలో చెప్పాలంటే ఎనిమిది లోడు తూకం, మూడు నికరం, తేడా అంతా బండి బరువు.

ఇంత దూరం పోనక్కర్లేదు, కొల్లేరు ఉంది కదా. 1999లో సముద్రమట్టం మీద ఐదడుగుల కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సార్ జాబితాకెక్కినప్పుడు పదో కాంటూరు దాకా లెక్కేసి 901 చదరపు కిలోమీటర్లన్నారు. 2015లో మన శాసనసభ మూడో కాంటూరుకు కుదించమని కేంద్రాన్ని అడిగింది. సరస్సు ఒకటే, రాళ్ళు మూడు రకాలు. నా దగ్గర ఎవరైనా ఇలా చేస్తే తూనికలు కొలతల శాఖవాళ్ళు సీలు వేసి పోతారు. కాకపోతే మూడో కాంటూరు అడిగినవాళ్ళందరూ దొంగలని నేననను. ఐదో కాంటూరు లోపల జిరాయితీ పట్టాలున్న రైతులున్నారు. హద్దు గీసినరోజే వాళ్ళ సంగతి తేల్చి ఉంటే ఆ గీతకు అంత బరువు పడేది కాదు.

2006లో సుప్రీంకోర్టు ఆదేశాల మీద చేపల చెరువుల గట్లు తెగగొట్టారు. ట్రైలర్ల మీద పొక్లెయిన్లు గుడివాడ రోడ్డున దిగడం చూశాను. ఇక రాత్రిళ్ళు నాకు కాస్త విశ్రాంతి అనుకున్నాను. రాలేదు. అభయారణ్యం బయట కూడా చెరువులే. లోపల తెగిన గట్లలో కొన్ని మళ్ళీ లేచాయని డ్రైవర్లే మాట్లాడుకునేవారు. నా రసీదులో బండి నంబరు, గంట, బరువు ఉంటాయి. చేప ఐదో కాంటూరు లోపలిదా బయటిదా అన్న గడి మాత్రం లేదు. ఇన్నేళ్ళూ కొల్లేరు నా వీపు మీంచే వెళ్ళింది, అయినా కొల్లేరు బాగుందా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

కొల్లేరు దగ్గరే ఆటపాకలో గూడబాతులను లెక్కపెడతారు. ఊళ్ళో అందరూ పెలికాన్లంటారు. గూళ్ళు కట్టుకోడానికి అటవీశాఖ ఇనప స్టాండ్లు వేసింది, అవి కట్టుకున్నాయి. సంతోషమే. కానీ పెలికాను తినేది చేప. చుట్టూ చెరువుల నిండా చేప ఉంది. అందుకని పక్షుల లెక్క పెరిగితే సరస్సు కోలుకున్నట్టా, చెరువులు బాగా పండినట్టా? గుమాస్తా కూతురు ఇదే అడిగింది తండ్రిని. ఆయన టీ ఊదుకుంటూ, "అయితే కొర్రమీనును లెక్కపెట్టమను, మట్టగిడసను లెక్కపెట్టమను" అన్నాడు. ఆయన పుట్టింది కొల్లేటి లంక గ్రామంలో. చిన్నప్పుడు చేపలు పట్టే మావుల్లో పడేవవి, ఎవరూ మేత వేసి పెంచినవి కావు. ఆ మాట పుస్తకంలో లేదట, పిల్ల పెన్సిలుతో పక్కన రాసుకుంది.

కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరు వచ్చి పడతాయి, ఉప్పుటేరు సముద్రంలోకి తీసుకుపోతుంది. అలా పోయేచోటే తీరం ఆగిపోదు. దక్షిణాన కృష్ణ కలిసే హంసలదీవి, నాగాయలంక వైపు కృష్ణా అభయారణ్యం, 194 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అందులో మడ అడవి, బావురుపిల్లి ఇల్లు. ఉత్తరాన గోదావరి పాయల దగ్గర కోరింగ, 1978 నుంచి అభయారణ్యం, 235 చదరపు కిలోమీటర్లు. రొయ్య పిల్ల మడచెట్ల వేళ్ళ మధ్య పెరిగి, ముదిరాక సముద్రంలోకి పోతుంది. గిలకలదిండి రేవులో బోటు తెచ్చిన రొయ్య ఏ మడలో పెరిగిందో ఎవడు చెప్పగలడు? అంటే అడవి బాగుంటే ఆ బాగు అడవిలో కనపడదు, పది మైళ్ళ అవతల ఒకడి వలలో కనపడుతుంది. మచిలీపట్నం నుంచి వచ్చే సముద్రపు రొయ్య లారీ నా మీద ఎక్కినప్పుడల్లా ఇదీ మడదేనేమో అనిపిస్తుంది. ముద్ర వేసే అధికారం మాత్రం నాకు లేదు. మూడు అభయారణ్యాలకూ మూడు ఫైళ్ళున్నాయి, వాటి మధ్య తిరిగే రొయ్యకు ఫైలు లేదు.

ఆస్ట్రేలియావాళ్ళు ఒక పని సరిగ్గా చేశారని పిల్ల చదివింది. 2004లో గ్రేట్ బ్యారియర్ రీఫ్‌ను మళ్ళీ విభజించేటప్పుడు ముందు రీఫ్‌ని 70 రకాల ప్రాంతాలుగా గుర్తించి, ప్రతి రకంలోనూ కనీసం 20 శాతం వేట లేని నీళ్ళు ఉండాలని మొదట నియమం పెట్టుకున్నారు. గీతలు ఆ తర్వాతే. 5 శాతం లోపు ఉన్నది 33 అయ్యింది. సరుకేంటో చెప్పి బండి పిలిచినట్టు. మనం బండి పిలిచాక సరుకు వెతుకుతాం.

తాబేళ్ళ సంగతి ఇంకో రకం. నాగాయలంక తీరాన ఆలివ్ రిడ్లే గుడ్లను ఏరి, కంచె లోపల పొదిగించి, పిల్లల్ని సముద్రంలో వదులుతారు. ఏటా వదిలిన పిల్లల సంఖ్య పేపర్లో వస్తుంది. వెయ్యిలో ఒకటి బతికి పెద్దదవుతుందంటారు, పెద్దదై గుడ్లు పెట్టడానికి పదేళ్ళ పైమాటే. వదిలిన పిల్లల సంఖ్య లోడింగు తూకం. హౌరాలో దిగిన తూకం ఎప్పటికో వస్తుంది. ఈలోగా చూడగలిగింది ఒకటుంది: ఒడ్డుకు కొట్టుకొచ్చే చచ్చిన తాబేళ్ళ లెక్క. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు కట్టేస్తారు. తాబేలు గుడ్లకు ఒడ్డుకొచ్చేది మాత్రం జనవరి నుంచే. ఆ నెలల్లో ట్రాలు వలలో తాబేలు తప్పించుకునే కిటికీ ఉందా లేదా అన్నది వదిలిన పిల్లల సంఖ్య చెప్పదు.

నా తప్పు ఒకటి కూడా చెప్పుకోవాలి. ఒక వానాకాలం పలకకీ అంచు ఇనుముకీ మధ్య కంకర రాయి ఒకటి ఇరుక్కుంది. బరువులో కొంత ఆ రాయి మోసేది, నేను తక్కువ చూపించేదాన్ని. ప్రతి బండికీ దాదాపు ఒకే పాళ్ళలో తేడా, అందుకని ఎవరికీ అనుమానం రాలేదు. నేను కూడా ధీమాగానే ఉన్నాను. ఇంకో కాటాలో తూయించుకుని వచ్చిన ధాన్యం లారీవాడు రెండు రసీదులూ బల్ల మీద పక్కపక్కన పెట్టేదాకా ఇలాగే నడిచింది. ఇరవై కిలోల ముద్ర రాళ్ళు తెచ్చి పేర్చి చూస్తే తేలింది. లెక్క తప్పినవాడికి తన తప్పు తనకు తెలీదని అప్పుడే తెలిసింది. సముద్రంలో ముద్ర రాళ్ళు ఎవరు పేరుస్తారో మరి. వేట ఆపిన నీళ్ళ పక్కనే వేట సాగే నీళ్ళను కూడా ఏటేటా తూయాలంటుంది పిల్ల. రెండు రసీదులు పక్కపక్కన.

నిన్న రాత్రి రెండింటికి ఒక చేపల లారీ వచ్చింది. డ్రైవరు కిటికీలోంచే అరిచాడు.

"లోడు ఒక్కటే తూయమ్మా. ఖాళీ తూకం మొన్నటిది వేసెయ్."

"మొన్నటిది కుదరదన్నా."

"ఏం, నా బండి మొన్నటికీ ఇవాళ్టికీ మారిందా?"

ఆ పిల్ల టార్చి పట్టుకుని బయటికొచ్చి, నా పలక మీద కారుతున్న ఐసు నీళ్ళు తొక్కుకుంటూ బండి చుట్టూ తిరిగింది.

"మొన్న నీకు రెండు స్టెప్నీలున్నాయన్నా. ఇవాళ ఒకటే ఉంది."