చావబోయే ఏనుగులకు మనవి

ఆసియా, ఆఫ్రికా ఖండాల్లోని సమస్త గజరాజులకూ, గజమాతలకూ, ఇంకా దంతాలు మొలవని గున్నలకూ తెలియజేయునది ఏమనగా: చావదలిస్తే కాస్త పద్ధతిగా చావండి. మీ చావుల లెక్క రాయడానికి ప్రపంచం చాలా ఖర్చు పెట్టింది. లెక్కల కార్యాలయం నైరోబీలో ఉంది. దాని పై కార్యాలయం జెనీవాలో ఉంది. డబ్బు ఎక్కువగా ఐరోపా యూనియన్ నుంచి వస్తుంది. ఫారాలు అడవుల్లో తిరుగుతుంటాయి. ఇంత ఏర్పాటు చేశాక ఎక్కడ పడితే అక్కడ కూలబడిపోతామంటే మర్యాదగా ఉండదు.

ముందుగా చోటు చూసుకోండి. అంతరించే జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం కింద, ఏనుగుల అక్రమ వధను కనిపెట్టి చూసే ‘మైక్’ అనే కార్యక్రమం ఉంది. దానికి ఎంపిక చేసిన అడవులు ఆఫ్రికాలో అరవై పైచిలుకు, ఆసియాలో ముప్పైకి అటూ ఇటూగా ఉన్నాయి. మన దేశంలో పది: మైసూరు, నీలగిరి, వయనాడ్, శివాలిక్, మయూర్‌భంజ్, గారో కొండలు వగైరా. ఆంధ్రప్రదేశ్ అడవి ఒక్కటీ లేదు. 1980లలో హోసూరు, కోలారు వైపు నుంచి నడిచొచ్చి చిత్తూరు జిల్లా కౌండిన్యలో కాపురం పెట్టిన ఏనుగులు ఈ విషయంలో బొత్తిగా ముందుచూపు లేకుండా ప్రవర్తించాయి. ఏ మైసూరు అడవిలోనో చచ్చి ఉంటే ప్రపంచ పట్టికలో చోటు దక్కేది. 2023 మే నెలలో పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలంలో కరెంటు తగిలి నాలుగు ఏనుగులు ఒకేసారి పడిపోయాయి. జిల్లా కూడా తప్పే, చచ్చిన తీరు కూడా తప్పే. మన దేశంలో వేటగాడి తుపాకీ కంటే కరెంటు తీగే పెద్ద యముడు. 2020 చివరి వరకు పదకొండేళ్ళలో కరెంటుకు 741, వేటకు 169 ఏనుగులు పోయాయని సమాచార హక్కు కింద అడిగితే కేంద్ర పర్యావరణ శాఖే చెప్పింది. కాని తీగకు అంతర్జాతీయ ముఠా ఉండదు, నల్లబజారు ధర ఉండదు. అలాంటి దాని మీద జెనీవాలో ఎవరు ప్రసంగిస్తారు?

చోటు కుదిరాక, మీరు దొరకాలి. గస్తీ తిరిగే అటవీ సిబ్బంది మీ కళేబరం దగ్గరకొచ్చి ఫారం నింపుతారు. ఎక్కడ పడింది, ఆడా మగా, దంతాలు ఉన్నాయా పోయాయా, శవం తాజాదా, ఈమధ్యదా, పాతదా, మరీ పాతదా. చావుకు కారణం ఏమిటి. కాబట్టి గస్తీ నడిచే దారి పక్కన, రాబందులూ దుమ్ములగొండులూ రాకముందు కనబడేట్టు పడుకోవడం మంచిది. గస్తీకి జీపు లేని, జీపు ఉంటే డీజిలు లేని అడవిలో శవం దొరకదు. శవం దొరక్కపోతే చావూ లేదు.

దొరికిన శవాల నుంచి ‘పైక్’ అనే సూచీ కడతారు. మొత్తం కళేబరాల్లో అక్రమంగా చంపినవి ఎంత వంతు అన్నదే అది. పదిలో ఐదైతే 0.5. అది దాటితే మంద తరిగిపోతున్నట్టే లెక్క. ఇందులో ఒక సొగసుంది. ఇది వంతే గాని సంఖ్య కాదు. వేటగాళ్ళు నిరుడు ఎన్ని చంపారో ఈ ఏడూ అన్నే చంపారనుకోండి. ఈలోగా కరువొచ్చి ఇంకో వంద ఏనుగులు నీళ్ళు లేక నాలుక పిడచగట్టి చచ్చాయనుకోండి. సూచీ దిగుతుంది, గీత కిందికి వంగుతుంది, సైటిస్ సభలో ఎవరో ఒకరు హమ్మయ్య అనుకుంటారు. అంటే దప్పికతో చచ్చైనా సరే, మీ జాతి పరిస్థితిని కాగితం మీద మెరుగుపరిచే అవకాశం మీ తొండంలోనే ఉంది. ఈ లోపం గణాంక నిపుణులకు తెలియక కాదు. తమ నివేదికల్లో వాళ్ళే రాసుకుంటారు. ఆ పేరా వచ్చేసరికి ప్రతినిధులు కాఫీకి లేస్తారు.

నిజానికి ఈ లెక్కలు కట్టేవాళ్ళ మీద నాకు కోపం లేదు. ఎండలో నడిచి, కుళ్ళిన కళేబరం పక్కన కూర్చుని ఫారం నింపే మనిషి మీద అసలే లేదు. 2010 నుంచి 2012 దాకా మూడేళ్ళలో ఆఫ్రికాలో దంతాల కోసం లక్ష ఏనుగులను చంపారని 2014లో పరిశోధకులు తేల్చగలిగింది ఆ ఫారాల పుణ్యమే. కాంగోలోని గరంబాలో ఏనుగులతో పాటు రేంజర్లు కూడా తూటాలకు చచ్చారు. సూచీలో రేంజర్లకు గడి లేదు. నా గొడవంతా లెక్క అడిగినవాళ్ళతో.

వాళ్ళ చరిత్ర వినండి. 1989లో లోజాన్‌లో జరిగిన సైటిస్ సభలో దంతాల అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించారు. ఎనిమిదేళ్ళు తిరక్కముందే, 1997లో హరారేలో కూర్చుని బోట్స్వానా, నమీబియా, జింబాబ్వే ఏనుగులకు రక్షణ ఒక మెట్టు దించి, జపాన్‌కు ఒక్కసారి, కేవలం ప్రయోగంగా, దంతం అమ్ముకోవచ్చన్నారు. ఆ సభలోనే, అలా అమ్మితే ఏనుగుల చావులు పెరుగుతాయేమో చూసి చెప్పమని ఈ పర్యవేక్షణ కూడా పుట్టించారు. అమ్మకమూ దాని మీద విచారణా కవల పిల్లలన్నమాట. కవలల్లో ఒకడు చురుకు. 1999లోనే యాభై టన్నుల దాకా దంతం ఓడెక్కి జపాన్ చేరింది. రెండోవాడు, అంటే లెక్కల యంత్రం, అడవుల్లో సరిగ్గా నడక నేర్చింది ఆ తర్వాతే. సరుకు వెళ్ళిపోయాక తక్కెడ వచ్చింది.

ఆ ప్రయోగం ఫలితం తేలిందా అంటే, తేలకపోవడమే అనుమతిగా పనికొచ్చింది. 2008లో మళ్ళీ వేలం. ఈసారి దక్షిణాఫ్రికా కూడా చేరింది, కొనేవాళ్ళలో చైనా కూడా చేరింది. వంద టన్నులకు పైగా దంతానికి వచ్చింది కోటిన్నర డాలర్లు. సక్రమమైన సరుకు బజారును ముంచెత్తితే అక్రమ సరుకుకు గిరాకీ చస్తుందని అర్థశాస్త్రం చెప్పారు. ఆ తర్వాత చచ్చింది గిరాకీ కాదు. 2011 నాటికి పైక్ గీత శిఖరానికెక్కింది. 2014కు చైనాలో పచ్చి దంతం కిలో 2,100 డాలర్లు పలికింది. టాంజానియాలోని సెలూస్ మామూలు అడవి కాదు, ఈ పర్యవేక్షణ కిందే ఉన్న అడవి. అక్కడ 2009లో 39,000 ఏనుగులుండేవి. 2013లో లెక్కపెడితే 13,000 మిగిలాయి. ఇంత శ్రద్ధగా కాపలా కాసిన దోపిడీ ప్రపంచంలో ఇంకొకటి ఉండదు.

2016లో ఇద్దరు పరిశోధకులు ఈ కళేబరాల లెక్కలనే తిరగేసి, 2008 అమ్మకం తర్వాత దంతాల కోసం వధ దాదాపు 66 శాతం పెరిగిందని రాశారు. అప్పుడు చూడాలి చర్చ! ఆ నమూనా సరికాదన్నారు. కాలక్రమం కుదరలేదన్నారు. అమ్మకమే కారణమని చెప్పలేం, ఒకదాని తర్వాత ఒకటి జరిగాయని మాత్రం చెప్పగలం అన్నారు. గణాంకశాస్త్రంలో అది న్యాయమైన జాగ్రత్తే, ఒప్పుకుంటాను. కాని అమ్మేముందు ఈ జాగ్రత్త ఎవరికీ గుర్తు రాలేదు. దంతం అమ్మడానికి ఆశ చాలు, ఆపడానికి మాత్రం గణిత నిరూపణ కావాలి.

పోతన గజేంద్రుడి అదృష్టం వేరు. మొర వినగానే విష్ణువు శంఖచక్రాలు కూడా సర్దుకోకుండా, పక్కనున్న లక్ష్మికైనా చెప్పకుండా పరుగెత్తుకొచ్చాడు. ఆయనకు కోరం అక్కర్లేదు. ఇప్పటి గజేంద్రుడు మొర పెట్టుకుంటే సభ మూడేళ్ళకోసారి గాని కూడదు, కొన్ని దేశాలు పట్టుబడితే రహస్య ఓటింగ్, అన్నిటికీ మించి, మొసలి కూడా సభ్యదేశమే.

2013 బ్యాంకాక్ సభ తర్వాత దంతాల దొంగరవాణా గొలుసులో ముఖ్యమైన ఎనిమిది దేశాలను పిలిచి, జాతీయ కార్యాచరణ ప్రణాళికలు రాసుకురమ్మన్నారు. చైనా, కెన్యా, మలేసియా, ఫిలిప్పీన్స్, టాంజానియా, థాయ్‌లాండ్, ఉగాండా, వియత్నాం. రాసుకొచ్చారు. వాటికి మార్కులు కూడా వేశారు: సాధించారు, దాదాపు సాధించారు, దారిలో ఉన్నారు. ఉగాండా ప్రభుత్వ గోదాములో భద్రంగా దాచిన దంతంలో 1,300 కిలోలు 2014లో మాయమైంది. అది కూడా దారిలోనే ఉండి ఉంటుంది. ఏనుగు బతికినా వెయ్యే చచ్చినా వెయ్యే అన్న మన పెద్దలు గోదాము తాళంచెవి విలువ ఆ సామెతలో కలపడం మరిచిపోయారు. కెన్యా ఈ చిక్కంతా ఎందుకని 2016లో 105 టన్నుల దంతం నిప్పుల్లో వేసింది. బూడిదను దొంగిలించే ముఠా ఇంకా పుట్టలేదు.

డబ్బిచ్చే ఐరోపా సంగతీ చెప్పుకోవాలి కదా. ఏనుగుల చావుల లెక్కకు ఏళ్ళ తరబడి నిధులిస్తూనే, నిషేధానికి ముందుదన్న చీటీ మీద పచ్చి దంతాన్ని 2017 దాకా ఆసియాకు ఎగుమతి చేస్తూ వచ్చింది. ఎడం చేత్తో శవపంచనామా, కుడిచేత్తో రవాణా రసీదు. జపాన్‌లో దేశీయ దంతాల బజారు ఇప్పటికీ తెరిచే ఉంది. అక్కడ సంతకం బదులు వేసే ముద్రలకు దంతం శ్రేష్ఠమని పేరు. రేపు ఏనుగుల రక్షణ మీద ఏదైనా పత్రం అక్కడికి వెళ్తే, దాని మీద పడే ముద్ర దేనితో చేసిందో ఎవరూ అడగరు.

మధ్యలో ఒక అసౌకర్యమైన సంగతి జరిగింది. చైనా తన దేశీయ బజారును మూసేస్తానని ప్రకటించి, 2017 చివరికి మూసేసింది. మూయకముందే, మూస్తారన్న కబురుకే, కిలో 2,100 డాలర్ల దంతం 730కి దిగింది. ఇందుకు కొత్త సూచీ కావలసిరాలేదు. ప్రభుత్వం ఒక నిర్ణయం తీసుకుంది, అంతే. ఇరవై ఏళ్ళు వెతికిన కార్యకారణ సంబంధం ఇంత మోటుగా, ఒక దుకాణం తలుపుకు వేలాడుతూ కనబడడం పండితులకు కొంచెం ఇబ్బందే.

ఇక మనం. 1976లో సైటిస్‌లో చేరినప్పటి నుంచీ దంతాల వ్యాపారం మళ్ళీ తెరుద్దామన్నప్పుడల్లా భారత్ కాదనే ఓటేసింది. 2010లో ఏనుగును జాతీయ వారసత్వ జంతువన్నాం. 2022 జులైలో చీతాల కోసం నమీబియాతో ఒప్పందం రాసుకున్నాం. అందులో దంతం అన్న మాట లేదు. జీవవైవిధ్య ‘సుస్థిర వినియోగం’ అన్న మాట ఉంది. సెప్టెంబరులో ఎనిమిది చీతాలు విమానం దిగాయి. నవంబరులో పనామా సభలో నమీబియా, బోట్స్వానా, దక్షిణాఫ్రికా, జింబాబ్వేల దంతాల వ్యాపారానికి తలుపు తెరిచే ప్రతిపాదన ఓటుకొచ్చింది. మొదటిసారిగా మన దేశం కాదనలేదు. అవుననీ అనలేదు. తటస్థంగా కూర్చుంది. 15 ఓట్లు అటు, 83 ఇటు పడి ప్రతిపాదన ఎలాగూ వీగిపోయింది. కాబట్టి మన మౌనం వల్ల ఏ ఏనుగూ చావలేదని ఎవరైనా వాదించవచ్చు. చీతాలు ముందు వచ్చాయి, మౌనం తర్వాత వచ్చింది. అదే కారణమని మాత్రం చెప్పలేం, ఒకదాని తర్వాత ఒకటి జరిగాయని మాత్రం చెప్పగలం.