ప్లీహం స్కానింగుకు వెళ్లేవారికి అమూల్య సలహాలు

మీ ఇంట్లో సిర్రోసిస్ రోగి ఉన్నారు. లివరు గట్టిపడి, పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగి, ప్లీహం ఉబ్బింది. అది ప్లేట్‌లెట్లను తనలోనే పట్టి ఉంచుకుంటోంది. డాక్టర్లు గజ్జల్లోని ధమని గుండా సన్నని గొట్టం పంపి, ప్లీహానికి రక్తం తీసుకెళ్లే కొమ్మలు కొన్నిటిని మూసేశారు. దీన్ని పాక్షిక ఎంబోలైజేషన్ అంటారు. ఫలితం చూడ్డానికి అల్ట్రాసౌండ్ రాశారు. ఇక్కణ్ణించి మేం చూసుకుంటాం.

పరగడుపున రమ్మన్నారా? దారిలో నాలుగిడ్లీలు తినిపించండి. తిన్నాక పోర్టల్ సిరలో రక్త ప్రవాహం మారుతుంది, కడుపులో గ్యాసు తెరకి అడ్డం పడుతుంది. పోయినసారి ఖాళీ కడుపుతో తీసిన డాప్లర్ (రక్త ప్రవాహాన్ని కొలిచే అల్ట్రాసౌండ్) అంకె పక్కన ఈ అంకె పెట్టుకుని ఇంటిల్లిపాదీ కంగారు పడొచ్చు.

పాత రిపోర్టులు బీరువాలోనే భద్రంగా ఉండనివ్వండి. డిస్కౌంటు ఎక్కడుంటే అక్కడికి, ప్రతిసారీ కొత్త సెంటరుకి వెళ్లండి. ఎడమ పక్కటెముకల సందులో ప్రోబ్ కాస్త ఏటవాలుగా పడినా, రోగి ఊపిరి సరిగ్గా బిగబట్టకపోయినా పొడవు మారిపోతుంది. తగ్గింది ప్లీహమో, మారింది కొలిచిన చెయ్యో ఎవరికీ తేలకూడదు.

రిపోర్టులో సెంటీమీటర్లు తప్ప ఇంకేమీ చదవొద్దు. పెద్దవాళ్లలో 12 దాకా మామూలు, మీవారిది 16. “అంత ఖర్చూ దండగ!” అని బావమరిది ప్రకటించాలి. రక్తం అందని భాగం వెంటనే కుంచించుకుపోదనీ, మొదట్లో వాచి కూడా కనిపించొచ్చనీ ఆయనకి చెప్పకండి. అసలు చూడాల్సింది ఎంత భాగానికి రక్తం ఆగిందన్నది. మామూలుగా సగం నుంచి 70 శాతం దాకా ఆపాలని చూస్తారు. అది కాంట్రాస్ట్ అల్ట్రాసౌండులో చక్కగా తెలుస్తుంది. చేతి సిరలోకి అతి చిన్న వాయు బుడగలు ఎక్కిస్తే రక్తం తిరిగేచోటు మెరుస్తుంది, ఆగినచోటు నల్లగా మిగులుతుంది. ఆ వాయువు ఊపిరితో బయటికి పోతుంది, కిడ్నీలతో దానికి పని లేదు. అయినా సరే, సీటీ స్కాన్ మందుతో కలిపేసి, “కిడ్నీలు పాడైపోతాయండీ” అని టెక్నీషియన్‌తో గట్టిగా పోట్లాడండి.

ప్లేట్‌లెట్లు పెరిగితే ఘనత బొప్పాయాకు రసానిది. పడిపోతే తప్పు డాక్టరుది. ఈ పద్ధతి మనవాళ్లకి నేర్పక్కర్లేదు.

ఎంబోలైజేషన్ తర్వాత కొన్నాళ్లు జ్వరం, ఎడమ డొక్కలో నొప్పి మామూలేనని డాక్టరే అన్నారు కదా! అందుకని చలీ వణుకుతో జ్వరం ఎన్నాళ్లు కాసినా మామూలే అనుకోండి. ప్లీహంలో చీము పట్టిందేమో మళ్లీ స్కాన్ తీద్దామనేవాళ్లు ఉత్త పిరికివాళ్లు.

చివరిది. కౌంటు లక్ష దాటగానే డాప్లర్ మానేసి, మొక్కు తీర్చుకోవడానికి కొండకి టికెట్లు తీసుకోండి. చికిత్స తర్వాత పోర్టల్ సిరలో గడ్డకట్టే ప్రమాదం ఉండేది సరిగ్గా ఈ కౌంటు పెరిగే వారాల్లోనే. ఒక్కోసారి నొప్పి కూడా ఉండదు. కౌంటు చూస్తే అది తెలియదు, డాప్లర్‌లో తెలుస్తుంది.