హంతకుడికి జ్ఞానం కావాలట!

నేను ఎంతమందిని చంపానో నాకే లెక్క తెలీదు. ఒక్క హీరోల తండ్రుల్నే ఓ ఊరికి సరిపడా చంపి ఉంటాను. వానలో చంపాను, పెళ్ళిపందిట్లో చంపాను, సంక్రాంతి ముగ్గుల మధ్య గొబ్బెమ్మలు తొక్కుకుంటూ చంపాను. ఓసారి ఒకే పెద్దమనిషిని పొద్దున ఒక సినిమాలో, సాయంత్రం ఇంకో సినిమాలో చంపి, రాత్రికి ఇద్దరం కృష్ణానగర్‌లో ఒకే బండి దగ్గర ఇడ్లీ తిన్నాం. చట్నీ కారంగా ఉందని ఆయనే గొడవ పెట్టుకున్నాడు, నేను సర్దిచెప్పాను.

అర్థమైంది కదా, నాది సినిమా ఫైటర్ ఉద్యోగం. విలన్ కనుసైగ చేయగానే ముందుకొచ్చే నల్లబనీను మొహాలుంటాయి చూడండి, వాటిలో ఎడమ నుంచి రెండోది నాది.

ఈ చంపడంలో పెద్ద రహస్యమేమీ లేదు. కత్తి ఫైబరుది. దెబ్బ మనిషికి జానెడు దూరంలోంచి పోతుంది, కెమెరా పెట్టిన కోణంలో తగిలినట్టు కనిపిస్తుంది. ఎగిరిపడాల్సింది, మూలగాల్సింది అవతలివాడే. అంటే కొట్టేవాడి ప్రతాపమంతా దెబ్బ తినేవాడి చేతిలో ఉంది. రక్తం తియ్యగా ఉంటుంది, రెండో టేకుకల్లా ఈగలు ముసురుతాయి. మేడ మీంచి దూకాల్సి వస్తే కింద ఖాళీ అట్టపెట్టెలు వరసగా పేర్చి, వాటి మీద పరుపులు వేస్తారు. తెరమీద ఆ పెట్టెలు కనపడవు. ఈ అట్టపెట్టెల సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, ముందుముందు వాటితో పనుంది.

ఏళ్ళ తరబడి జనం మనల్ని చూసి భయపడ్డట్టు నటిస్తే ఏమవుతుందో తెలుసా? నిజంగానే భయపడుతున్నారని మనకి నమ్మకం కుదురుతుంది. నేను కరెంటు బిల్లు కట్టే దగ్గర కూడా ఒక కనుబొమ్మ పైకెత్తి నిలబడేవాణ్ణి. కౌంటర్‌లో అమ్మాయి ఓసారి తలెత్తి చూసి, ‘‘చిల్లర లేదా అంకుల్?’’ అంది. అయినా కనుబొమ్మ దించలేదు. నవ్వకండి. మీరు ఏ ఆఫీసులో ఎవరి మీద ఏ కనుబొమ్మ ఎత్తారో నేను అడగలేదు కదా!

తర్వాత వయసొచ్చింది. కాల్షీట్లు పలచబడ్డాయి. పొట్ట మీద ఆరు పలకలు తేలిన కుర్రాళ్ళొచ్చారు. ఫైట్ మాస్టర్ ఒకరోజు ‘‘బాబాయ్, మీరలా నీడలో కూర్చోండి’’ అన్నాడు. నిన్నటిదాకా ‘అన్నా’ అన్నవాడు! ఆ రాత్రే నేను మీసానికి రంగు వేయడం మొదలుపెట్టాను.

ఇంతలో టీకొట్టు దగ్గర ఓ కుర్ర డైరెక్టర్ తగిలాడు. ఇంకా సినిమా తీయలేదు, తీయబోతున్నాడు. కథ ఇదీ: కిరాయికి హత్యలు చేసి చేసి ముసలివాడైపోయిన ఒకడు, చివరికి ప్రాచీన జ్ఞానం వెతుక్కుంటూ ప్రాణాలకి తెగించి అడవిలోకి పోతాడు. ‘‘మీలాంటి ఫేస్ కావాలి సార్’’ అన్నాడు. ఆ ‘లాంటి’ నా చెవిన పడలేదు. సినిమాలో నేనే హీరో అని ఇంటికెళ్ళేలోపు ఖాయం చేసుకున్నాను. దారిలో ఎదురైన ఇద్దరు జూనియర్ ఆర్టిస్టులకి వేషాలు కూడా ఇచ్చేశాను.

పెద్ద నటులు పాత్ర కోసం నెలల తరబడి ఆ బతుకు బతుకుతారని ఎక్కడో విన్నాను. సరే, హంతకుడి అనుభవం మనకుంది. లోటల్లా జ్ఞానమే. అది ఎక్కడ దొరుకుతుందని మా వీధిలో రిటైరైన సంస్కృతం మేష్టార్ని అడిగాను. ఆయన ఎదురుచూస్తున్నట్టే ఉన్నాడు, మొదలుపెట్టాడు. శ్రీశైలం అంటే ఇవాళ్టి గుడి ఒక్కటే కాదట. ఒకప్పుడు ఆ నల్లమల అంతా సిద్ధుల అడ్డా అట. నిత్యనాథ సిద్ధుడు ‘రసరత్నాకరం’లో శ్రీశైలం చుట్టూ ఏ దిక్కున ఏ గుహ ఉంది, ఏ మడుగు ఉంది, ఎక్కడ ఏం చేస్తే ముసలితనం పోతుందో వరసగా రాసిపెట్టాడట. పదిహేనో శతాబ్దంలో మన గౌరన తెలుగు ద్విపదలో ‘నవనాథ చరిత్ర’ రాశాడట. పాదరసాన్ని శుద్ధి చేసి మింగితే శరీరం వజ్రమవుతుందని వాళ్ళ నమ్మకమట. ‘‘అయితే పాదరసం విషమయ్యా, ఈ పిచ్చి ఉన్నవాళ్ళ గురించి బాణుడు కూడా...’’ అంటున్నాడాయన. నేను అప్పటికే చెప్పులేసుకుంటున్నాను. ముసలితనం పోతుందన్న మాట దగ్గరే నాకు కావలసింది దొరికింది.

ఆ చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర. ఎరగనివాళ్ళ కోసం చెబుతాను. నాగర్‌కర్నూల్ జిల్లాలో, ఇప్పుడు అమ్రాబాద్ పులుల అభయారణ్యం అంటున్న అడవి మధ్యలో, పాతాళంలాంటి లోయ. దాని అడుగున గుహలో లింగమయ్య, పక్కన పైనుంచి దూకే జలపాతం. పులుల అడవి కాబట్టి ఏడాదంతా వెళ్ళనివ్వరు, జాతర రోజుల్లో మాత్రం జనాన్ని వదులుతారు. అక్కడ పూజారులు చెంచులే. సిద్ధుడు ఇంకా మిగిలి ఉంటే ఇక్కడే ఉంటాడని నేను తీర్మానించుకున్నాను.

‘‘ఏమండీ, మోకాలికి బెల్టు లేకుండా బాత్‌రూమ్‌లోకే వెళ్ళరు, ఆ లోయలోకి ఎలా దిగుతారు?’’ అంది మా ఆవిడ.

‘‘పాత్ర దిగుతుంది’’ అన్నాను.

ఆవిడ జాలిగా చూసి, బెల్టూ నొప్పుల ఆయింటుమెంటూ సంచిలో పెట్టింది. ఆవిడ చూడకుండా వాటిని తీసేసి, సంచిలో రంగు సీసా పెట్టుకున్నాను.

ఇక వేషం వినండి. నల్ల కుర్తా, నల్ల కళ్ళజోడు, మెడలో రుద్రాక్ష. కాళ్ళకి పాత సినిమాలో వేసిన తోలు బూట్లు, మడమ ఎత్తువి. నడిస్తే టక్కు టక్కుమంటాయి. ఆ చప్పుడు వింటే నాకే నా మీద భయం. తెల్లారగట్ల లేచి మీసానికీ జుట్టుకీ రెండు కోటింగులు వేశాను. ఏప్రిల్ నెల, నల్లమల, నల్ల కుర్తా. ఈ మూడూ కలిపి ఆలోచించే తెలివే ఉంటే నేను జ్ఞానం కోసం ఎందుకు బయల్దేరతాను?

మన్ననూరు దాకా బస్సు. అక్కడ ఒక జీపులోకి ఎక్కించారు, దాంట్లో నా ఒళ్ళో ఒక పిల్లాడు, వాడి ఒళ్ళో కొబ్బరికాయల సంచీ. ఫరహాబాద్ దగ్గర రోడ్డు దిగి మట్టిబాట పట్టాక, రాంపూర్ పెంట చేరేసరికి అందరం ఒకే రంగులో ఉన్నాం. అక్కడి నుంచి నడక. రాళ్ళు, ముళ్ళపొదలు, మళ్ళీ రాళ్ళు. జనం ‘‘వత్తన్నం లింగమయ్యా’’ అని కేకలేస్తూ సాగిపోతున్నారు. నా పక్కనుంచి ఒక ముసలమ్మ నెత్తిన మూట, చంకన మనవరాలితో, ఉత్తకాళ్ళతో దాటుకుపోతూ, ‘‘జర పక్కకు జరుగు కొడకా’’ అంది. నేను జరిగాను. తెరమీద ఆ వయసు వాళ్ళని చాలామందిని చంపిన మనిషిని.

సరిగ్గా అప్పుడే దేవుడు నన్ను పరీక్షించాడు. ఓ కుర్రాళ్ళ గుంపు నన్ను చూసి ఆగింది. ‘‘సార్, మీరు ఆ సినిమాల...’’ అంటూ ఒకడు ఒక పేరు చెప్పాడు. అది నా పేరు కాదు. నాకంటే కాస్త పేరున్న ఇంకో విలన్‌ది. అబద్ధమాడలేదండీ, ప్రమాణం. కనుబొమ్మ ఎత్తి చిన్నగా నవ్వానంతే. సెల్ఫీలు తీసుకున్నారు. ఒకడు చొక్కా మీద సంతకం అడిగితే, ఎవరి పేరో తేలకుండా గీకాను. చివరికి ఇంకొకడు ఫోన్ పైకెత్తి, ‘‘సార్, ఆ బండ మీదికెంచి ఒక్కసారి దుంకుర్రి సార్, మీ స్టైల్ల’’ అన్నాడు.

ఒక మనిషి బతుకులో ‘వద్దు’ అనడానికి అన్ని వీలులూ ఉండే క్షణం ఒకటి వస్తుంది. మోకాలు వద్దంటోంది. బూటు మడమ వద్దంటోంది. మా ఆవిడ అక్కడ లేకపోయినా ఆవిడ గొంతు వద్దంటోంది. ఎదురుగా మాత్రం నాలుగు ఫోన్లు నావైపు తిరిగి ఉన్నాయి. మీరైతే ఏం చేసేవారు? నిజం చెప్పండి.

ఎక్కాను. నడుముకి మించి ఎత్తు లేదా బండ. పై నుంచి చూస్తే చార్మినారంత ఉంది. కళ్ళజోడు సర్దుకున్నాను, గుండె నిండా గాలి పీల్చాను, కుర్రాళ్ళు ఈల వేశారు, ఒకడు వన్ టూ త్రీ అన్నాడు, ఎగిరాను, గాల్లో ఉండగా అప్పుడు గుర్తొచ్చింది కింద అట్టపెట్టెలు లేవని, గుర్తొచ్చేలోపే ఎడమ బూటు గులకరాయి మీద పడింది, మడమ ఊడి ఒకవైపు, నేనొకవైపు, కళ్ళజోడు పొదలోకి, రుద్రాక్షలు తెగి లోయలోకి, నేను వాటి వెనకాలే కూర్చుని జారుతూ, జారుతూ, ఇందాకటి ముసలమ్మ కాళ్ళ దగ్గరికెళ్ళి ఆగాను. మనవరాలు నా మొహంలోకి వంగి చూసి గట్టిగా అరిచింది: ‘‘అవ్వా! ఈ తాత మీసం కారుతుందే!’’

చెయ్యి పెట్టి చూసుకున్నాను. నల్లగా, జిగటగా, గడ్డం మీదుగా మెడలోకి, మెడలోంచి కుర్తాలోకి. చెంపల మీద రెండు చారలు. జుట్టులోంచి ఇంకోటి బయల్దేరి ముక్కు మీదికి వస్తోంది. తియ్యటి రక్తంతో ఎన్నిసార్లు తడిసినా పడని సిగ్గు, ఆ నల్ల చుక్కలతో పడ్డాను. ఫోన్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

విల్లు భుజాన వేసుకున్న ఒక చెంచు పెద్దాయన వచ్చి నా రెక్క పట్టి లేపాడు. ఎంత వయసుంటుందో చెప్పలేను, ఒంట్లో కండ తప్ప ఇంకేమీ లేదు. నా గుండె ఝల్లుమంది. ఈయనే! నేను వెతుక్కుంటూ వచ్చిన మనిషి! చేతులు జోడించాను. సినిమాలో ఇలాంటి చోట వెనక వేణువు వస్తుంది.

‘‘అయ్యా, నాకేదైనా చెప్పండి’’ అన్నాను.

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. ‘‘బూట్లు ఇడువు’’ అన్నాడు.

దానికి లోపల ఏదో అర్థం ఉంటుందని కాసేపు ఆలోచించాను. ఆయన వంగి తనే లాగేశాడు. చేతిలో ఒక కర్ర పెట్టి, ‘‘ఇగ జారవు’’ అని ముందుకు పోయాడు. నిజంగానే జారలేదు. కాళ్ళు కాలాయి, గుచ్చుకున్నాయి గానీ జారలేదు. అడుగు దాకా దిగాను. చివర్లో కొండని ఆనుకుని ఒక్క మనిషి పట్టే దారి ఉంటుంది, దాని మీద ఎవరి భుజమో పట్టుకుని, నా భుజం ఇంకెవరికో ఇచ్చి నడిచాను. జలపాతం కింద నిలబడితే ఆ చల్లదనానికి ఊపిరాడలేదు. మిగిలిన రంగంతా అక్కడే పోయింది. బయటికొచ్చేసరికి మీసం పత్తిలా తెల్లగా ఉంది. పక్కనే ఆ కుర్రాళ్ళు. ఒకడు నన్ను చూసి, ‘‘తాతా, ఇటు ఎవరన్నా సినిమా ఆయన వచ్చిండా?’’ అని అడిగాడు. ‘‘పైకి వెళ్ళిపోయాడు’’ అన్నాను.

లింగమయ్య ముందు నిలబడ్డాను. అంత కష్టపడి వచ్చింది దేనికి? జ్ఞానానికి కదా. నోరు తెరిస్తే నాకు తెలీకుండానే వచ్చిన మాట: ‘‘స్వామీ, ఆ వేషం నాకే వచ్చేట్టు చూడు. కుదిరితే డైలాగు కూడా.’’ వెనకవాళ్ళు నెట్టారు. సవరించుకునే వ్యవధి ఇవ్వలేదు.

ఎక్కడం గురించి చెప్పను. చెప్పుకునేంత గౌరవంగా జరగలేదు.

మంచం దిగాక మేష్టారి దగ్గరికెళ్తే, ఆయన ఆ రోజు ఆగిపోయిన వాక్యం దగ్గర్నుంచి ఎత్తుకున్నాడు. ఏడో శతాబ్దంలో హర్షుడి ఆస్థానంలో ఉన్న బాణుడు ‘కాదంబరి’లో ఒక ముసలి ద్రవిడ సాధువుని పెట్టాడట. అడవిలో చండిక గుడి దగ్గర ఉంటాడట. శ్రీపర్వతం, అంటే మన శ్రీశైలం, మహిమల మీద వెయ్యి కథలు చెబుతాడట. మంత్రాల తాళపత్రాలు పోగేసుకున్నాడట. ఎవడో ఇచ్చిన సిద్ధాంజనం పెట్టుకుని ఒక కన్ను పోగొట్టుకున్నాడట. సరిగా కుదరని రసాయనం మింగి జ్వరం తెచ్చుకున్నాడట. ఇంతా అయ్యాక కూడా దక్షిణాపథానికి తనని రాజుని చేయమని దుర్గని వేధిస్తుంటాడట.

‘‘నీ కథ దాదాపు 1400 ఏళ్ళ కిందటే వచ్చేసిందయ్యా, నువ్వు ఆలస్యంగా పుట్టావు’’ అన్నాడు మేష్టారు.

నాకు కోపం రావాలి కదా? రాలేదు. బాణుడంతటివాడు నా మీద రాశాడా అని ఒక్క క్షణం ఛాతీ పొంగింది. చూశారా రోగం!

ఆ తర్వాత డైరెక్టర్ ఫోన్ చేశాడు. హంతకుడి వేషానికి బొంబాయి నుంచి ఎవర్నో తెస్తున్నారట. ‘‘కానీ సార్, మీకు ఇంకా మంచి క్యారెక్టర్ ఉంది. వాడికి జ్ఞానం నేర్పిన గురువు.’’

‘‘డైలాగులెన్ని?’’

‘‘కథ మొదలయ్యేసరికే గురువుగారు పోయారు సార్. గోడ మీద ఫోటో. దండ వేసి.’’

ఫోటోకి బేటా ఇస్తారా అన్నాను. సగం ఇస్తామన్నారు. మీసానికి రంగు వేసుకోవచ్చా అన్నాను. వద్దన్నారు. ఒప్పుకున్నాను, ఒప్పుకోక ఎక్కడికి పోతాను? మొన్న స్టిల్స్ తీశారు. ఫోటోగ్రాఫర్ శాంతంగా చూడమంటాడు, నాకేమో కనుబొమ్మ దానంతటదే పైకి లేస్తుంది. పాపం ఎన్నోసార్లు దింపించి, చివరికి కెమెరా పక్కన పెట్టి దణ్ణం పెట్టాడు. ‘‘సార్, మీరు పోయారు సార్. అది కొంచెం గుర్తుపెట్టుకోండి.’’