ఓపిక పట్టండి, ఏసీలో పెట్టండి

"తొందరపడి అమ్ముకోవద్దు. కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోండి. ధర వచ్చాక అమ్ముకోండి."

ఈ ఏడాదీ వచ్చేసింది. వాన అదనుకి రాకపోవచ్చు, యూరియా అసలే రాకపోవచ్చు. ఈ హితబోధ మాత్రం కళ్లాల్లో మిర్చి కాయ ఎర్రగా పరుచుకునే వేళకి ఠంచనుగా దిగుతుంది. టీవీలో యాంకరమ్మ చెప్పింది, సభలో అధికారి గారు చెప్పారు, చివరికి మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో రిటైర్డ్ బ్యాంకు మేనేజరు గారూ చెప్పారు. ఆయన మిద్దె మీద గోనెసంచిలో బంగాళదుంపలు వేస్తే ఈ చలికాలం రెండు కేజీలు దిగాయట. మట్టి దులిపి, కడగకుండా, చీకటి గదిలో గాలాడేలా పరిచి దాచారట. "దాచుకోవడం తెలియాలండీ. మన రైతులకి అదే లేదు" అన్నారు.

నిజమే పాపం. గుంటూరు చుట్టూ వందకు పైగా కోల్డ్ స్టోరేజీలుంటే, అవి ఐస్‌క్రీం కోసం కట్టారనుకుంటున్నాడు రైతు! మిర్చి యార్డులో "ఏసీ సరుకు", "నాన్ ఏసీ సరుకు" అని రెండు ధరలు పలుకుతుంటే అది రైలు టిక్కెట్ల గొడవ అనుకుంటున్నాడు! ఎవరో ఒకరు చెప్పాలిగా.

మా బావమరిది ప్రత్తిపాడు అవతల మూడెకరాలు కౌలుకి చేస్తాడు. ఈ ఓపిక సంగతి వాడి చెవిన వేశాను. "నాకు ఓపికుంది బావా. అప్పిచ్చినాయనకే లేదు" అన్నాడు.

అంతే సంగతి. జూలైలో విత్తనానికి తెచ్చిందీ, ఆ తరవాత మందులకి తెచ్చిందీ, కోత కూలీలకి తెచ్చిందీ అంతా నూటికి రెండు రూపాయల వడ్డీ మీద ఉంది. లక్షకి నెలకి రెండు వేలు. ఎనిమిది నెలలు ఓపిక పడితే పదహారు వేలు. కౌలుతో కలిపి ఎకరాకి రెండు లక్షల దాకా పెట్టినవాడికి ఆ ఓపిక ఎంతకి పడుతుందో మేనేజరు గారే లెక్క కట్టాలి, ముప్పై ఏళ్లు వడ్డీలు కట్టించిన చెయ్యి కదా. దీని మీద కోల్డ్ స్టోరేజీ అద్దె, ఎత్తుడు కూలి, దించుడు కూలి, బండి కిరాయి. నిల్వ రసీదు మీద బ్యాంకు అప్పిస్తుందిగా అంటారు. కౌలుదారుకి సాగు హక్కుల కార్డు కావాలి. 2019 చట్టం ప్రకారం ఆ కార్డు కావాలంటే భూమి గలాయన సంతకం పెట్టాలి. ఆయన పెట్టడు.

ఇదంతా పక్కన పెట్టి, బుద్ధిమంతుడై చెప్పిన మాట విన్న రైతు కథ చూద్దాం. 2021 చివర్లో తామర పురుగు తోటల్ని ఊడ్చేసింది. కాయ తగ్గింది, ధర లేచింది. 2023లో మేలు రకాలు క్వింటా ఇరవై వేలు దాటాయి. అది చూసినవాళ్లు 2024లో ధర కాస్త జారగానే, "మళ్లీ లేస్తుంది, పెట్టుకోండి" అన్న పెద్దల మాట విని మిర్చి బస్తాలు ఏసీకి తోలారు. లేవలేదు. 2025 ఫిబ్రవరికి కొత్త కాయ వచ్చింది, క్వింటా పదీ పదకొండు వేల దగ్గర కూలబడింది. ఎందుకు పడిందయ్యా అని అడిగితే నిపుణులు ఏమన్నారు? "కోల్డ్ స్టోరేజీల్లో పాత నిల్వలు పేరుకుపోయాయి, అందుకని ధర లేదు" అన్నారు!

మళ్లీ చదవండి. ధర లేకపోతే ఏసీలో పెట్టు. ఏసీలో పెట్టావు కాబట్టి ధర లేదు. మందు రాసిచ్చినవాళ్లే రోగానికి కారణం ఆ మందే అని చెప్పి, మళ్లీ అదే మందు రెండో ఏడాదికి రాసిస్తున్నారు. సిగ్గు అనేది యార్డు గేటు బయటే పెట్టి లోపలికొస్తారు కాబోలు.

పోనీ తీసి అమ్మేద్దామా అంటే, ఏడాది మురిగిన కాయకి రంగు తగ్గిందని ఒక కోత. కొత్త కాయ ఉండగా పాతదెవరికి కావాలని ఇంకో కోత. మే నెల వచ్చేసరికి యార్డుకే వేసవి సెలవులు, అదో నెల. ఆ నెలా వడ్డీ మాత్రం సెలవు తీసుకోదు.

మేనేజరు గారి బంగాళదుంప దగ్గరికే వస్తాను. మన దేశంలో కోల్డ్ స్టోరేజీల్లో ఎక్కువ భాగం ఆ దుంప కోసమే కట్టారు. ఆగ్రా, హుగ్లీ వైపు రైతులకి ఈ దాపుడు తాతల నాటి నుంచి తెలుసు. ధర పడిపోయిన ఏడాది అద్దె కట్టి విడిపించుకోవడం దండగని దుంపలు అక్కడే వదిలేస్తారు. నిర్వాహకులు వాటిని రోడ్డు పక్కన పారబోస్తారు. దాచుకోవడం బాగా తెలిసినవాళ్ల గతి అది.

ఇక వేళాకోళం చాలు. నిల్వ అనేది డబ్బున్నవాడి ఆయుధం. మార్చిలో చవగ్గా కొని, నవంబరు దాకా ఆగగల వ్యాపారికి అది లాభం. అప్పులో మునిగినవాడికి అదే పని చెయ్యమనడం వాణ్ణి జూదానికి కూర్చోబెట్టడం. ఓడితే "రైతు అంచనా తప్పాడు" అంటారు. తగలబడితే? 2023లో దుగ్గిరాల వైపు పసుపు నిల్వ ఉన్న కోల్డ్ స్టోరేజీ కాలిపోయింది, రైతులు పరిహారం కోసం రోడ్డెక్కారు. ఆ బూడిద పక్కన నిలబడి ఓపిక పట్టమని ఏ యాంకరమ్మా చెప్పలేదు.

పోనీ మద్దతు ధర ఉందా? కేంద్రం దాన్ని ప్రకటించే జాబితాలో 22 పంటలున్నాయి, మిర్చి లేదు. 2025 ఫిబ్రవరిలో యార్డు భగ్గుమన్నాకే మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకి 11,781 రూపాయలని, 2.54 లక్షల టన్నుల వరకని కేంద్రం ప్రకటన వచ్చింది. అప్పటికే కాయ తెగనమ్ముకున్నవాళ్లు ఆ అంకెని పేపర్లో చదువుకున్నారు. జాబితాలో ఉన్నా సుఖం లేదు. పత్తి రైతుకి మద్దతు ధర ఉంది, దాన్ని అందుకోవడానికి ఇప్పుడు ఫోన్లో స్లాటు పట్టాలి, పన్నెండు శాతం తేమ దాటకూడదు.

వ్యవసాయ శాఖ వారికి ఒకటే మనవి. నారు పోయకముందే, జూన్‌లోనే, ఇంతకి తక్కువైతే మేం కొంటామని ఒక అంకె చెప్పండి. అది చెప్పలేకపోతే, కాయ ఏసీలో ఉన్నన్నాళ్లూ అద్దే వడ్డీ మీరు కట్టండి. రెండూ కుదరవంటారా, అయితే వచ్చే ఫిబ్రవరిలో దయచేసి సలహా చెప్పడం మానేయండి.