మునగచెట్టెక్కిన ఇంటర్నెట్

నన్ను మునగచెట్టు ఎక్కించినవాళ్లు జీవితంలో చాలామందే ఉన్నారు. బ్యాంకులో మేనేజర్లు ఎక్కించారు, పెళ్లిచూపుల నాడు మా మావగారు ఎక్కించారు. కానీ నా ఇంటర్నెట్‌ని నిజంగానే మునగచెట్టు ఎక్కించినవాడు మా కేబుల్ కుర్రాడొక్కడే.

మాది విజయవాడ సత్యనారాయణపురంలో ఒక సందు. రెండు స్కూటర్లు ఎదురైతే ఒకటి వెనక్కి తగ్గాలి. సందు మొదట్లో కరెంటు స్తంభం, స్తంభానికీ మా ఇంటికీ నడుమ ఎదురింటి పిన్నిగారి డాబా, డాబాని ఆనుకుని ఆవిడ మునగచెట్టు. నాలుగేళ్ల కిందట ఫైబర్ లైను వెయ్యడానికొచ్చిన కుర్రాడు స్తంభం మీంచి నల్లటి తీగ లాగి, "మధ్యలో ఎక్కడో ఓచోట ఆసరా ఉండాలి సార్" అంటూ అటూ ఇటూ చూసి, చెట్టు పంగలో రెండు చుట్లు చుట్టి మా కిటికీలోకి విసిరాడు.

"కొమ్మ విరిగితేనో?" అన్నాను. మునగకొమ్మ ఎంత పెళుసో ఎరిగినవాణ్ణి.

"ఏం కాదు సార్. ఇవాళ్టికి ఇలా ఉండనీండి, రేపొచ్చి సరిచేస్తా."

ఆ రేపు ఇంకా రాలేదు.

చెన్నై నుంచి సింగపూర్‌కి బంగాళాఖాతం అడుగున 3,200 కిలోమీటర్ల కేబుల్ 2002లోనే పరిచేశారు. అలాంటివి ఆ తర్వాత ఇంకా వచ్చాయి. సముద్రం అడుగున తీగ తెగితే పనిగట్టుకుని ఓడ వేసుకెళ్లి, పైకి లాగి, అతికి, మళ్లీ నీళ్లలో వదులుతారు. మా సందులో తెగితే మాత్రం నిచ్చెన ఉన్న కుర్రాడు భోజనానికి వెళ్లి ఉంటాడు. డాలస్‌లో మా మనవరాలు నవ్విన నవ్వు ఏయే సముద్రాలు దాటి వస్తుందో నాకు తెలీదు గానీ, ఆఖరి ముప్పై అడుగులూ మునగాకు మధ్య నుంచే వస్తుంది.

అసలు ఇంటర్నెట్టు ఇలా చడీచప్పుడూ లేకుండా ఇంట్లోకి రావడమే నా తరంవాళ్లకి అనుమానం. దేశంలో జనానికి దాన్ని ఇచ్చింది 1995 ఆగస్టు 15న. మా గడప తొక్కేసరికి 2000 అయింది. టెలిఫోను తీగ పీకి మోడెమ్‌కి తగిలిస్తే అది కీచుమని, గరగరలాడి, బుస కొట్టి, ఆఖరికి ఊరుకునేది. ఊరుకుంటే తగిలినట్టు. మా నాన్నగారు పేపర్లోంచి తలెత్తి "పడిందా?" అనేవారు, గేలం వేసినవాణ్ణి అడిగినట్టు. పడినంతసేపూ ఫోను ఎంగేజ్. ఒకసారి మా మేనత్త రెండు గంటలు డయల్ చేసి, ఇంట్లో ఏమైందోనని కంగారుపడి, హనుమాన్ జంక్షన్‌లో బస్సెక్కి వచ్చేసింది. ఆవిడ రిక్షా దిగేసరికి నాకు మూడో ఫోటో నడుము దాకా దిగింది.

ఆ తర్వాత బ్రాడ్‌బ్యాండ్ అన్నారు. 2004లో ప్రభుత్వం ఇచ్చిన నిర్వచనం ప్రకారం సెకనుకి 256 కిలోబిట్లు వస్తే చాలు, అది బ్రాడ్‌బ్యాండే. 2023లో ఆ గీతని 2 మెగాబిట్ల దగ్గరికి జరిపారు. పంతొమ్మిదేళ్లలో సుమారు ఎనిమిది రెట్లు. నా డీఏ అలా పెరిగి ఉంటే నేనిప్పుడు ఈ వ్యాసం ఊటీలో కూర్చుని రాసేవాణ్ణి. ఆ రోజుల్లో నా ప్లానుకి పగలంతా కొలిచి పోసేవాళ్లు, రాత్రి రెండింటి నుంచి పొద్దున్న ఎనిమిదింటి దాకా మాత్రం లెక్కలేదు. అందుకని రెండింటికి అలారం పెట్టుకుని లేచి, మొహం కడుక్కుని, ఘంటసాల పాటలు దింపుకునేవాణ్ణి. నడిజామున మా గదిలో దీపం, సన్నగా ఘంటసాల గొంతు. పక్కింటివాళ్లు నాకు భక్తి ముదిరిందనుకున్నారు. మా నాన్నగారైతే "మావాడు బ్రాహ్మీ ముహూర్తానికి రెండు గంటల ముందే లేస్తాడు" అని బంధువుల్లో చెప్పుకున్నారు. ఆయన పోయేదాకా నేను దిద్దలేదు.

ఇప్పుడు వంద మెగాబిట్ల ఫైబర్. ముప్పై రెండేళ్లు బ్యాంకులో పైసా తేడా వస్తే ఇంటికెళ్లని మనిషిని కాబట్టి, వచ్చిన వారమే ఒక సినిమా దింపుతూ గడియారం పెట్టుకు కూర్చున్నాను. వంద రావాల్సిన చోట పన్నెండున్నర కనిపించింది. మిగతా ఎనభై ఏడున్నర ఎవడు మింగాడు? కుర్రాణ్ణి పిలిపించి నిలదీస్తే వాడు నవ్వాడు. అమ్మేది బిట్లలోనట, కంప్యూటరు చూపించేది బైట్లలోనట, ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటట. బంగారం కొట్లో గ్రాముల్లో బేరమాడి కాసుల్లో తూయించుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. కాసుకీ ఎనిమిదే గదా. అబద్ధం ఎవరూ ఆడలేదు, అయినా మోసపోయినట్టే ఉంటుంది.

కిటికీ దాకా వంద వచ్చింది, సరే. కిటికీ నుంచి వంటింటికి వెళ్లడం వేరే కథ. మా తాతగారు కట్టించిన ఇల్లు, పద్నాలుగు అంగుళాల గోడలు. ఆయన దొంగల కోసం కట్టించారు గానీ ఆ గోడలకి దొంగకీ వైఫైకీ తేడా తెలీదు. రూటర్లో రెండు సిగ్నళ్లుంటాయి. అయిదు గిగాహెర్ట్జ్‌ది దూకుడెక్కువ, గోడ కనిపిస్తే నీరసపడుతుంది. రెండు పాయింట్ నాలుగుది నెమ్మదస్తుడు, ఒకటి రెండు గోడలు దూరతాడు. కానీ మైక్రోవేవ్ పొయ్యిదీ సరిగ్గా ఆ కులమే, అదీ అక్కడక్కడే పలుకుతుంది. మా ఆవిడ పాలు వెచ్చపెట్టినప్పుడల్లా డాలస్‌లో మనవరాలు నోరు తెరిచి అలాగే ఉండిపోయేది. పొయ్యి టింగుమనగానే మళ్లీ మాట్లాడేది. మా ఆవిడ ఆర్నెల్ల పాటు, పిల్లకి నత్తి వస్తోందేమో డాక్టరుకి చూపించమని కోడలికి చెబుతూ వచ్చింది.

పైగా రూటర్ని ఇనప బీరువా వెనకాల పెట్టాం, నలుగురికీ కనపడితే బాగుండదని. దానిమీద మా ఆవిడ అల్లిన లేసు గుడ్డ కప్పింది. అది వేడెక్కి ఊపిరాడక చస్తుంటే, పాపం జ్వరమొచ్చిందేమో అన్నంత ఆపేక్షగా చెయ్యి పెట్టి చూసేది తప్ప గుడ్డ తీసేది కాదు. దసరాకి ఆయుధపూజలో దానికీ బొట్టు పెట్టింది. అక్కడే వచ్చింది చిక్కు.

పండగ మర్నాడు నెట్టు లేదు. కస్టమర్ కేర్‌కి ఫోను చేస్తే, నా కాల్ వాళ్లకి ఎంతో ముఖ్యమని ఇరవై నిమిషాలు సంగీతంతో నమ్మబలికాక ఒకమ్మాయి పలికింది.

"సార్, బాక్సు మీద ఎల్ఓఎస్ అని రాసున్న చోట ఎర్రగా కనిపిస్తోందా?"

కళ్లజోడు లేకుండా వంగి చూశాను. "కనిపిస్తోందమ్మా."

"మిగతా లైట్లు?"

"ఒక్కటీ లేదు. ఆ ఎరుపొక్కటే."

"లైను కట్టయింది సార్. కంప్లైంట్ రాస్తున్నాను."

కుర్రాడు నిచ్చెన భుజాన వేసుకుని వచ్చాడు. బాక్సు ముందు కూర్చుని కాసేపు చూశాడు. బొటనవేలితో ఎరుపుని తుడిచి, వేలు నాకు చూపించాడు.

"కుంకుమ సార్."

ప్లగ్గు మా ఆవిడ గ్రైండర్ కోసం పీకేసింది. వాడు ఏమీ అనకుండా ప్లగ్గు పెట్టి, నిచ్చెన తీసుకుని వెళ్లిపోయాడు. ఏదైనా అని ఉంటే బాగుండేది.

నిజంగా తెగింది మొన్న ఏప్రిల్లో. మంచి కాపు మీద ఉంది చెట్టు. పిన్నిగారు దోటి తీసుకుని డాబా ఎక్కి, గుత్తిగా వేలాడుతున్న కాయల్ని లాగబోయి, వాటితో పాటు నన్ను కూడా లాగింది. ఆవిడకి డెబ్బై ఎనిమిది, నాకు అరవై మూడు. ఇప్పటికీ నేను ఆవిడకి అబ్బాయినే. "అబ్బాయ్! కాయ రావట్లేదురా, ఏదో నల్లటి తీగొచ్చింది" అని కేకేసింది. ఈసారి ఎర్రలైటు కుంకుమ కాదు. రెండుసార్లు తుడిచి చూశాను.

ఆ మధ్యాహ్నం ఆ డాబా మీద చూసింది మాత్రం మర్చిపోలేను. కుర్రాడు తీగ రెండు కొసలూ పట్టుకుని బాసింపట్టు వేసి కూర్చున్నాడు. నల్లతొడుగు చీల్చాడు. రెండు ఉక్కు తీగల నడుమ ఒక పోగు. పై పూత గీకేసి, స్పిరిట్ తడిపిన కాగితంతో తుడిచి, "చూశారా సార్" అని ఎండకి ఎత్తి పట్టాడు. నాకేం కనపడలేదు. 125 మైక్రాన్ల గాజట, అందులో వెలుగు నడిచే దారి 9 మైక్రాన్లేనట. నా తలలో మిగిలిన వెంట్రుకలు కూడా దానికన్నా దిట్టంగా ఉంటాయేమో. టిఫిన్ కారియర్ అంత మిషను తెరిచి రెండు కొసలూ ఎదురెదురుగా పడుకోబెట్టాడు. ఎండకి తెర కనపడటంలేదంటే నేను గొడుగు పట్టాను. తెరమీద రెండు స్తంభాలంత లావున కనిపించాయి. అవి వాటంతటవే జరుగుతూ, సర్దుకుంటూ, ఎదురుబొదురుగా నిలిచాయి, తెరసెల్లా తీసే ముందు పెళ్లికొడుకూ పెళ్లికూతురూలా. ఒక చిన్న మెరుపు. కలిసిపోయాయి.

"అయిపోయిందా?" అన్నాను.

"అయిపోయింది సార్. అమ్మా, మీరు మాత్రం కదలకండి. కోసిన ముక్క ఎగిరింది. గాజు. కాల్లో దిగితే కనపడి చావదు."

పిన్నిగారు కాళ్ల గురించి ఆలోచించలేదు. "గాజా? నా వడియాల్లోనా?"

పాత పంచె మీద ఆవిడ గుమ్మడి వడియాలు ఆరబోసి ఉన్నాయి. అవతల నా వంద మెగాబిట్లు ఆగిపోయి ఉండగా ముగ్గురం మోకాళ్ల మీద కూర్చుని, మిట్టమధ్యాహ్నం సెల్‌ఫోను టార్చి వేసుకుని, వడియాల్లో గాజుపోగు వెతికాం. ఆఖరికి అంచున ఉన్న తడి వడియం ఒకటి తళుక్కుమంది. కుర్రాడు నల్ల టేపుతో అద్ది తీశాడు. పిన్నిగారు మాత్రం ఆ మూల ఉన్నవన్నీ పారబోసింది. పారబోస్తూ లెక్కపెట్టింది. రెండు డజన్లు. నా పేరున రాసింది.

కిందికొచ్చి మీటరు పెడితే "మైనస్ ఇరవై ఒకటి వస్తోంది సార్, బ్రహ్మాండం" అన్నాడు. మైనస్‌లో ఉన్న ఖాతాని బ్రహ్మాండం అనడం నా సర్వీసులో ఎక్కడా వినలేదు. మైనస్ ఇరవై ఏడు దాటితే గాని బెంగ లేదట. తీగ ఈసారైనా ఇంకోచోట కట్టమన్నాను. వాడు సందంతా కలయజూశాడు. ఒకవైపు ట్రాన్స్‌ఫార్మర్, ఇంకోవైపు వినాయకచవితి ఊరేగింపులో బొమ్మకి అడ్డొస్తే వెదురుకర్రతో ఎత్తే తీగల కట్ట. మళ్లీ చెట్టు పంగలోనే రెండు చుట్లు చుట్టాడు.

"ఇవాళ్టికి ఇలా ఉండనీండి సార్."

సాయంత్రం పిన్నిగారు ఆరు మునక్కాయలు పట్టుకొచ్చి మా ఆవిడ చేతిలో పెట్టి, కుర్చీలో కూర్చుంది. వడియాల సంగతి తేలుస్తుందనుకున్నాను. ఆవిడ నెమ్మదిగా కొంగులోంచి ఫోను తీసింది.

"చెట్టు నాది గదరా అబ్బాయ్. అద్దె అడిగానా ఎప్పుడైనా? ఆ పాస్‌వర్డేదో ఇందులో కొట్టు."

కొట్టాను. ఇప్పుడు ఆవిడ మధ్యాహ్నాలు డాబా మీద కూర్చుని చాగంటివారి ప్రవచనాలు వింటుంది. మా గోడలు దాటని సిగ్నలు సందు దాటి అక్కడికి మాత్రం శుభ్రంగా వెళుతోంది.

ఆదివారం పొద్దున్న మనవరాలు కొత్తగా నేర్చుకున్న పద్యం చెబుతోంది. రెండో పాదంలో ఉండగా ఎదురు డాబా మీంచి కేక.

"అబ్బాయ్! పిల్లతో మాట్లాడుతున్నావా? కాయలు కోసుకోవాలి!"

కిటికీలోంచి చూస్తే పిన్నిగారు దోటి పైకెత్తి, కొక్కెం గాల్లో ఆపి, నావైపే చూస్తోంది.

"రెండు పాదాలే పిన్నిగారూ! అయిపోవచ్చింది!"

"కానీ, కానీ. చేతులు లాగుతున్నాయి."