గెనిమ మీది నిపుణులు

మదనపల్లె చుట్టుపక్కల ఏ కయ్యలో ట్రాక్టర్ దిగినా గెనిమ మీద ఒక నిపుణుడు ప్రత్యక్షమవుతాడు. చేతిలో గొడుగు, నోట్లో వక్కాకు. ఆయన ట్రాక్టర్ తోలడు, తోలించడంలో మాత్రం దిట్ట. టమాటాకు దుక్కి చేస్తున్న డ్రైవర్ కుర్రాడు బండి ఆపి, మూలనున్న చింతచెట్టుకు చాటంత తేనెతుట్టె వేలాడుతోందని చూపిస్తాడు. నిపుణుడు అటు కన్నెత్తయినా చూడకుండా తీర్పు చెప్పేస్తాడు.

"ఏం కాదులేబ్బా! సైలెన్సర్ పొగ తగిలితే అవే పారిపోతాయి. నువ్వు పోనీ."

పోనీ అన్నది ఆయన, పోవాల్సింది కుర్రాడు. ఈ పొగ సిద్ధాంతం ఇన్నేళ్లుగా చెక్కుచెదరకుండా నిలబడిందంటే కారణం ఇదే. కనిపెట్టినవాణ్ని ఇంతవరకూ ఒక్క ఈగా కుట్టలేదు.

సిద్ధాంతానికి బొత్తిగా ఆధారం లేదనలేం. తేనె తీసేవాళ్లు పొగ పెట్టరా? పెడతారు. ఎండుటాకులో టెంకాయ పీచో రాజేసి, మంట లేపకుండా, చల్లటి పొగను కొంచెం కొంచెంగా పంపుతారు. అడవి అంటుకుందేమోనని ఈగలు బెదిరి, వలసకు సిద్ధపడి, ముందుగా కడుపునిండా తేనె తాగేస్తాయి. ఒక ఈగ కుట్టగానే తక్కినవాటిని యుద్ధానికి పిలిచే వాసన ఒకటుంది, అది కూడా పొగలో మరుగున పడుతుంది. ట్రాక్టర్ ఇందులో ఏ ఒక్క పనీ చేయదు. బానెట్ మీద నిట్టనిలువుగా ఉన్న సైలెన్సర్ వేడి పొగను నేరుగా కొమ్మల్లోకి ఊదుతుంది. ఇంజన్ మోతకు చెట్టు కింద మాట వినబడదు, రోటవేటర్ అదురుకు నేల కంపిస్తుంది. తుట్టె మీద దాడి మొదలైందని ఈగలకు ఇంతకన్నా స్పష్టంగా చాటింపు వేయడం ఎవరి తరమూ కాదు.

పెద్ద తేనెటీగల తుట్టెను దగ్గరగా చూసినవాళ్లకు తెలుసు, పైకి నల్లగా నిగనిగలాడేది మైనమూ కాదు, తేనే కాదు. ఒకదాన్నొకటి పట్టుకుని పొరలు పొరలుగా వేలాడే ఈగలు. కందిరీగ లాంటి శత్రువు దగ్గరికొస్తే ఆ పొర మీద ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక అల లేస్తుంది. వందల ఈగలు వరసగా పొట్టలెత్తి దించుతాయి. ఇంకా దగ్గరికి రావద్దని అవి చేసే హెచ్చరిక అది. సీటు మీదున్నవాడికి కనిపిస్తుంది. గెనిమ మీదివాడికి కనిపించేది ఇంకా ఎన్ని సాళ్లు మిగిలాయన్నదే.

ఆ తరువాత జరిగేది ఇది. కుట్టిన ఈగ ముల్లును, విషపు తిత్తితో సహా, చర్మంలోనే వదిలేసి చస్తుంది. ఈగ చచ్చినా తిత్తి కాసేపు విషం దించుతూనే ఉంటుంది. కుట్టినచోట పుట్టే వాసన ఇంచుమించు అరటిపండు వాసన. దాని పేరు ఐసోఎమైల్ ఎసిటేట్. ఆ వాసన పట్టుకుని మిగతావన్నీ అదే మనిషి మీదికి వస్తాయి. కుర్రాడు రెండు చేతులూ ఆడిస్తాడు, ఈగలకు ఇంకా కోపమొస్తుంది. చివరికి గేరులో ఉన్న బండి మీంచి కిందికి దూకుతాడు. వెనక రోటవేటర్ కత్తులు తిరుగుతూనే ఉంటాయి. ఇక్కడ ఈగ కన్నా కత్తి పెద్ద గండం. గెనిమ ఆ పాటికే ఖాళీ.

కాసేపటికి ఊళ్లోంచి రెండో బ్యాచ్ నిపుణులు దిగుతారు, వీళ్లు వైద్యులు. "సున్నం పూయండి" అని ఒకరు, "ఇనుప ముక్కతో రుద్దండి" అని ఇంకొకరు. పసుపు, పేడ, కిరసనాయిలు, ఉల్లిపాయ ఒక్కొక్కటిగా వస్తాయి. వక్కాకు తిత్తిలో ఎలాగూ ఉంటుంది కాబట్టి అన్నిటికన్నా ముందు చేరేది సున్నం. ఈగ విషం ఆమ్లం, సున్నం క్షారం, లెక్క సరిపోయిందంటాడు కాస్త చదువుకున్నవాడు. ఈగ విషంలో ముఖ్యమైన సరుకు మెలిటిన్ అనే ప్రొటీన్. అది చర్మం లోపల ఉంది, సున్నం పైన ఉంది. ఇద్దరూ కలుసుకునేదెప్పుడు? ఈ చర్చ జరిగినంతసేపూ ముళ్లు ఒంట్లోనే ఉంటాయి. గోటితో గీకో, పీకో, ఎలాగైనా సరే వెంటనే తీసేయాలన్న సంగతి ఒక్కరికీ తోచదు. పెదవులు వాచి, ఊపిరాడక, కుర్రాడు కళ్లు తేలేస్తే మంత్రం వేసేవాడికి కబురు వెళుతుంది. ఈగ విషం పడనివాడికి ఒక్క కాటు చాలు. అప్పుడు కావాల్సింది అడ్రినలిన్ ఇంజెక్షన్, అదీ నిమిషాల్లో. 108కి ఫోన్ చేయడానికి చందా వసూలు చేయనక్కర్లేదు. అయినా ఆ ఆలోచన అందరికన్నా చివర వస్తుంది.

పుంగనూరు వైపు మామిడి తోపుల్లో కందిరీగది రాజ్యం. కట్టెను నమిలి చేసిన బూడిదరంగు కాగితపు గూడు, ఆకుల చాటున ఒకే కాడ మీద వేలాడుతుంది. తోతాపురి కొమ్మలు కిందికి వాలి ఉంటాయి. ట్రాక్టర్ సీటు ఎక్కినవాడి తల సరిగ్గా ఆ గూటి ఎత్తుకు వస్తుంది. మన నిపుణుడి సలహా ఇక్కడ కూడా పొగే. కందిరీగ ముల్లు ఒంట్లో దిగబడి ఉండిపోదు, అది చావదు, ఒక్కటే నాలుగైదుసార్లు కుడుతుంది. సీజన్ అయ్యాక నెలల తరబడి కొట్టంలో పడున్న ట్రాలీ కింద, మడ్‌గార్డ్ లోపల, టూల్ బాక్స్ మూతకు కూడా గూడు పెడుతుంది. తాళం చెవి తిప్పేముందు ఒకసారి వంగి చూడమంటే, నడుం నొప్పంటారు.

కుప్పం చేరేసరికి సిద్ధాంతం ముదిరి పాకాన పడింది. అక్కడ పొగ చాలదట, మంటే కావాలట. ట్యాంకులోంచి డీజిల్ తీసి, గుడ్డ తడిపి, వెదురు కర్రకు చుట్టి, చీకటి పడ్డాక తుట్టెకు అంటిస్తారు. చెట్టు సగం మాడుతుంది. చావగా మిగిలిన ఈగలు ఇల్లు లేక అక్కడక్కడే తిరుగుతూ దారిన పోయేవాళ్ల మీద పడతాయి. ఆ ఊళ్లోనే మర్నాడు ఇంకో గోడు వినబడుతుంది: కౌండిన్య అడవిలోంచి ఏనుగులు దిగి పంట తొక్కేశాయని. పొలాల మీదికొచ్చే ఏనుగులను మళ్లించడానికి 2025 మే నెలలో కర్ణాటక మన రాష్ట్రానికి కుంకీలను, అంటే శిక్షణ పొందిన ఏనుగులను, ఇచ్చింది. అదే కర్ణాటకలో, కొడగులో, ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 2021 మార్చిలో ఏనుగుల దారికి అడ్డంగా తేనెపెట్టెలు కట్టించింది. అంత పెద్ద జంతువు ఈగ రొదకు బెదురుతుందని ఆఫ్రికాలో గమనించి చేసిన ఏర్పాటు. అవి పెట్టెలో పెంచే ఈగలు, చింతచెట్టు మీది తుట్టె ఏనుగును ఆపుతుందని నేననను. కానీ ఒకచోట డబ్బు పెట్టి తెచ్చుకునేదాన్ని ఇంకోచోట డీజిల్ పోసి తగలబెట్టడంలో ఉన్న తెలివిని మాత్రం మెచ్చుకోకుండా ఉండలేను.

ఇంత పొగకూ మంటకూ అసలు కారణం భయమూ కాదు, అజ్ఞానమూ కాదు. గంట బాడుగ. చెట్టు కింద రెండు సాళ్లు వదిలేస్తే కయ్య వంకరగా కనిపిస్తుంది, బండి ఆపితే మీటరు తిరగదు. ఆ లెక్కలో డ్రైవర్ ముఖం లేదు.

ట్రాక్టర్లున్న రైతులకూ, తోపులున్న అయ్యవార్లకూ ఒక్కటే మనవి. బండి దించే ముందు గెనిమ చుట్టూ ఒక్కసారి నడిచి, కొమ్మల్లోకి, పుట్టల్లోకి చూడండి. ఈగలు లేస్తే చేతులు ఆడించకుండా, రోటవేటర్‌ను తిప్పే పీటీవో ఆపి, బండితోనే దూరంగా వచ్చేయమని కుర్రాడికి ముందే చెప్పండి. తలకూ మెడకూ చుట్టుకోవడానికి మందపాటి తువ్వాలు ఇవ్వండి. పూత అయిపోతే పెద్దీగలు తుట్టె వదిలి వాటంతట అవే వలసపోతాయి, ఆ రెండు సాళ్లు అప్పుడు దున్నుకోవచ్చు. అందాకా ఆ సాళ్ల బాడుగను డ్రైవర్ కూలిలో కోయకండి.